కన్నబిడ్డ మీద హక్కు

పాప పుట్టిన మూడో రోజు పొద్దున్నుంచి నాకు తలనొప్పి. అట్లాంటాలో ఒక పెద్ద ఆసుపత్రి అది. సిజేరియన్ చేశారు. పగటి డ్యూటీలో ఉన్న నర్సుకి చెబితే, నిద్ర లేకపోవడం వల్ల అయ్యుంటుందని టైలెనాల్ ఇచ్చి వెళ్లింది. డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడూ చెప్పాను. మొదటి కాన్పు కదా, ఇవన్నీ మామూలే, రేపు ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నారు.

రాత్రి ఏడింటికి డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినావిడ యాభై దాటిన నల్లజాతి నర్సు. "ఎలా ఉంది బేబీ?" అంది. మన పెద్దవాళ్లు ప్రతి ఆడపిల్లనీ "అమ్మా" అన్నట్టు ఆవిడ అందరినీ "బేబీ" అనేది. అలవాటు కొద్దీ నేను "ఫైన్" అన్నాను. పక్కనే పాపని ఒళ్లో వేసుకుని కూర్చున్న మా అమ్మకి కోపం వచ్చింది. "ఫైన్ ఏంటే! మధ్యాహ్నం నుంచి కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటున్నావు కదా, చెప్పు" అంది. నర్సుకి తెలుగు రాదు. కానీ కళ్ల ముందు అమ్మ వేళ్లాడించి చూపించిన తీరు చూసింది. ఇంకో మాట మాట్లాడకుండా నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. 168/112. మళ్లీ చూసింది. అంతే. పది నిమిషాల్లో గది నిండా మనుషులు, చేతికి మెగ్నీషియం డ్రిప్. ప్రసవం అయ్యాక కూడా ఇలా బీపీ పెరగొచ్చని, వదిలేస్తే ఫిట్స్ వస్తాయని చెప్పారు. అమ్మకి నేను తెలుగులో చెప్పేలోపే ఆవిడకి అర్థమైంది. "గుర్రపువాతం" అంది. వాళ్ల ఊళ్లో బాలింతలు అలా పోవడం ఆవిడ చూసింది.

తెల్లవారుజామున మూడింటికి నర్సు డ్రిప్ చూడ్డానికి వచ్చి, కాసేపు కూర్చుంది. తన కూతురు పుట్టినప్పుడు తనకీ ఇలాగే అయిందట. మూడుసార్లు చెప్పినా ఎవరూ వినలేదట. "నర్సుని నేనే. అయినా వినలేదు" అంది. తర్వాత, మెల్లగా, నాతో కంటే తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది: "మావాళ్లు బిడ్డని కనడానికి కూడా కొట్లాడాలి. మా అమ్మమ్మకి ఆ కొట్లాడే అవకాశం కూడా ఇవ్వకుండా కోసి పారేశారు. మిసిసిపీలో."

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో స్త్రీవాదం అంటే నాకు అర్థమైంది ఒకటే. పెళ్లి, పిల్లలు ఆడదాని కాళ్లకి బంధాలు. మా ఇళ్లల్లో పెళ్లయిన మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా?" అని అడగడం మొదలవుతుంది. ఏడాది దాటితే అడిగే గొంతు మారిపోతుంది. అలాంటి చోట పెరిగిన పిల్లకి "నాకు వద్దు" అనగలగడమే పెద్ద స్వేచ్ఛ. ఆ మాట మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది, ఆ హక్కు లేకుండా ఏ ఆడపిల్లా బతకకూడదు. కానీ "నాకు కావాలి" అనడానికి, "నా బిడ్డ నా దగ్గరే ఉండాలి" అనడానికి తరతరాలుగా పోరాడిన ఆడవాళ్లు ఉన్నారని నాకు ఎవరూ చెప్పలేదు. మహిళా ఉద్యమ చరిత్ర అని మనం చదివేదాంట్లో వాళ్లకి సగం పేజీ కూడా దొరకదు.

దీని మొదలు 1662లో ఉంది. అప్పుడు వర్జీనియా బ్రిటిష్ వలస. ఎలిజబెత్ కీ అనే ఆవిడ అంతకు కొన్నేళ్ల ముందు, 1656లో, కోర్టుకి వెళ్లి బానిసత్వం నుంచి విడుదల గెలుచుకుంది. తల్లి ఆఫ్రికా స్త్రీ, తండ్రి ఆంగ్లేయుడు. ఆంగ్లేయుల సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వస్తుంది, కాబట్టి ఆవిడ వాదన నిలిచింది. భూస్వాములకి గుబులు పట్టుకుంది. 1662లో వర్జీనియా శాసనసభ చట్టం చేసింది: ఇకమీద బిడ్డ బానిసా, స్వేచ్ఛాజీవా అన్నది తల్లి స్థితిని బట్టే.

ఈ చట్టం ఏం చేసిందో ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఇంటిపేరు తండ్రిది, ఆస్తి తండ్రిది, వంశం తండ్రిది. వాళ్ల సమాజమూ మన సమాజం లాంటిదే. ఒక్క బానిస స్త్రీ దగ్గరకి వచ్చేసరికి మాత్రం తల్లిని చూశారు. యజమాని ఆమెని చెరిచి బిడ్డని పుట్టిస్తే, ఆ బిడ్డ కూడా యజమాని ఆస్తే. తండ్రికి బాధ్యత లేదు, పైగా లాభం. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసల్ని తీసుకురావడాన్ని అమెరికా నిషేధించాక, కొత్త బానిసలు రావాలంటే దారి ఒక్కటే మిగిలింది, ఈ దేశంలో ఉన్న నల్లజాతి స్త్రీల గర్భం. తల్లి కావడం ఆమెకి బంధమా, స్వేచ్ఛా అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. బిడ్డ ఆమెది కాదు. పాలు ఆమెవి, అవి కూడా ముందు దొరసాని బిడ్డకి.

అందుకే, బానిసత్వానికి ఎదురునిలిచిన సోజర్నర్ ట్రూత్ కథలో అందరికీ తెలిసిన ఉపన్యాసం కంటే నాకు ఆవిడ కోర్టు కేసు పెద్దదిగా కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టిన ఆవిడ 1826లో చంటిపిల్లని ఎత్తుకుని యజమాని ఇంట్లోంచి నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొడుకు పీటర్‌ని అలబామాకి అమ్మేశారని తెలిసింది. రాష్ట్రం దాటించి అమ్మడం న్యూయార్క్ చట్టానికి విరుద్ధం. చదువు రాని, చేతిలో డబ్బు లేని ఆ నల్లజాతి తల్లి కోర్టు మెట్లెక్కింది. 1828లో బిడ్డని గెలుచుకుంది. వాడు తిరిగొచ్చేసరికి ఒళ్లంతా దెబ్బల మచ్చలు. బెదిరిపోయిన పిల్లాడు మొదట ఈవిడ మా అమ్మ కాదన్నాడు. మహిళా హక్కుల చరిత్రలో ఇది మొదటి పేజీలో ఉండాల్సిన కేసు అని నా ఉద్దేశం.

ఆ ఉపన్యాసం గురించి కూడా ఒక మాట. 1851లో ఒహాయోలోని ఆక్రన్ మహిళా హక్కుల సభలో ఆవిడ మాట్లాడింది. "నేను ఆడదాన్ని కానా?" అని మళ్లీ మళ్లీ అడిగినట్టు మనం చదివేది 12 ఏళ్ల తర్వాత, 1863లో, ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్లజాతి ఉద్యమకారిణి అచ్చు వేయించిన రూపం. సభ జరిగిన నెల రోజుల్లోపే పత్రికలో వచ్చిన పాఠంలో ఆ మాట లేదు. గేజ్ రాసినదాంట్లో ఆవిడకి 13 మంది పిల్లలు, నిజానికి ఐదుగురు. చిన్నప్పుడు డచ్ భాష మాట్లాడుతూ పెరిగిన మనిషి చేత దక్షిణాది బానిసల యాసలో మాట్లాడించారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆవిడ నోటి మాట కూడా ఆవిడకి మిగల్లేదు చూడండి.

పోయిన ఏడాది మేం అలబామాలోని మోంట్‌గోమరీ వెళ్లాం. అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటలు. 1840లలో ఆ ఊళ్లోనే మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస స్త్రీల మీద ఆపరేషన్లు చేసి, కష్టమైన కాన్పుల తర్వాత మూత్రం ఆగకుండా కారిపోయే జబ్బుకి చికిత్స కనిపెట్టాడు. ఆధునిక గైనకాలజీకి పితామహుడని ఆయనకి పేరు. మత్తు ఇవ్వలేదు. పేర్లు తెలిసినవాళ్లు ముగ్గురే: అనార్కా, లూసీ, బెట్సీ. అనార్కా టీనేజీ పిల్ల, ఆమె ఒక్కదాని మీదే 30 దాకా ఆపరేషన్లు చేశాడు. 2021లో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి ఆ ముగ్గురికీ అక్కడే పెద్ద విగ్రహాలు పెట్టింది. తుక్కు ఇనుముతో అతికినవి. అనార్కా పొట్ట ఉండాల్సిన చోట ఖాళీ. ఆమె గర్భసంచిని విడిగా చేసి పక్కన పెట్టారు, దాని నిండా పదునైన వస్తువులు. మా పాప ఆ ఖాళీలోంచి చెయ్యి పెట్టి అటువైపు ఆకాశాన్ని పట్టుకోవాలని చూసింది. నాకు ఫోటో తీయబుద్ధి కాలేదు. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ దగ్గరున్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తీసేశారు. మోంట్‌గోమరీలో శాసనసభ ఆవరణలో మాత్రం ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

విగ్రహాల సంగతి వచ్చింది కాబట్టి, 1923లో ఇంకొకటి జరిగింది. తెల్లవాళ్ల పిల్లల్ని పెంచిన నమ్మకమైన నల్లజాతి ఆయాల, వాళ్ల మాటలో "మామీ"ల, జ్ఞాపకార్థం వాషింగ్టన్‌లో విగ్రహం పెడతామంటే అమెరికా సెనేట్ ఒప్పుకుంది. నల్లజాతి మహిళా సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి, చివరికి అది కట్టలేదు. అలా ఎదురుతిరిగినవాళ్లలో మేరీ చర్చ్ టెరెల్ ఒకరు. ఆవిడకి ముగ్గురు పసికందులు పుట్టి చనిపోయారు. తన బిడ్డ పురిట్లో బతకడానికి సరైన ఆసుపత్రి లేని చోట, ఇంకొకరి బిడ్డని సాకినందుకు రాతి విగ్రహం పెడతామంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది?

ఇక మిసిసిపీ. మా నర్సు అమ్మమ్మ ఊరు.

ఫ్యానీ లూ హేమర్ అక్కడ పత్తి పొలాల్లో పనిచేసే కూలీ, 20 మంది పిల్లల్లో ఆఖరిది. 1961లో కడుపులో గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరింది. డాక్టరు ఆమెకి చెప్పకుండా, అడక్కుండా గర్భసంచి తీసేశాడు. ఆ సంగతి ఆమెకి డాక్టరు నోటి నుంచి తెలియలేదు, పొలం యజమాని ఇంట్లోంచి పాకిన కబురుగా తెలిసింది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఇలాంటివి ఎంత మామూలంటే, దానికి వాళ్లు ఒక పేరే పెట్టుకున్నారు: "మిసిసిపీ అపెండెక్టమీ." అపెండిక్స్ అని లోపలికి వెళ్తావు, గర్భసంచి లేకుండా బయటికొస్తావు. మరుసటి ఏడు ఆవిడ ఓటు నమోదుకి వెళ్లింది. అదే రోజు పొలంలోంచి వెళ్లగొట్టారు. 1963లో జైల్లో పెట్టి ఒళ్లు హూనమయ్యేలా కొట్టించారు. 1964లో అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు కూర్చుని, టీవీ కెమెరాల సాక్షిగా, ఆ వెళ్లగొట్టడం, ఆ దెబ్బలు అన్నీ చెప్పింది. ఆవిడ ఆడపిల్లల్ని తెచ్చి పెంచుకుంది, పెంచిన కూతురు చనిపోతే ఆ కూతురి ఇద్దరు పిల్లల్నీ తనే సాకింది. మనవాళ్లు ఆవిడని ఓటు హక్కు నాయకురాలిగా చెబుతారు, నిజమే. కానీ ఆవిడ ధైర్యానికి మొదలు ఆ ఆసుపత్రి మంచం మీదే ఉందని నాకు అనిపిస్తుంది.

"మిసిసిపీ అపెండెక్టమీ" అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా ఊళ్లో "ఆపరేషన్" అంటే గుండె ఆపరేషనో, కంటి ఆపరేషనో కాదు. "ఆ పిల్లకి ఆపరేషన్ అయిందా?" అంటే ఒకటే అర్థం, కు.ని. ఆపరేషన్. మా అమ్మకి మా తమ్ముడు పుట్టాక, తన 22వ ఏట అయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయి ఉంది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. రెండూ ఒకటే అని నేను అనను. మా అమ్మకి ఏం చేస్తున్నారో తెలుసు, హేమర్‌కి తెలీదు. అక్కడ జాతి, ఇక్కడ వేరే లెక్కలు. కానీ రెండు చోట్లా ఒక పేద ఆడమనిషి కడుపు గురించి మిగతా అందరికీ ఒక అభిప్రాయం ఉంది.

ఇప్పుడు నా అసలు వాదన దగ్గరికి వస్తాను. 1960లలో అమెరికాలో పిల్లలు చాలనుకున్న తెల్లజాతి స్త్రీకి ఆపరేషన్ చేయడానికి డాక్టర్లు ఒక లెక్క పాటించేవారు. వయసుని పిల్లల సంఖ్యతో గుణిస్తే 120 రావాలి. అంటే 30 ఏళ్ల ఆవిడకి నలుగురు పిల్లలుండాలి, లేకపోతే కుదరదు. అదే దేశంలో 1973లో, అదే మోంట్‌గోమరీలో, 14 ఏళ్లు, 12 ఏళ్లు ఉన్న ఇద్దరు నల్లజాతి అక్కచెల్లెళ్లకి ప్రభుత్వ డబ్బుతో నడిచే క్లినిక్ వాళ్లు ఆపరేషన్ చేయించేశారు. చదువు రాని తల్లి, ఇంజెక్షన్ల కోసమనుకుని కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. ఆ కేసు విన్న ఫెడరల్ జడ్జి, ప్రభుత్వ పథకాల కింద ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకి కు.ని. ఆపరేషన్లు అవుతున్నాయని, కొందరిని సంక్షేమ సాయం ఆపేస్తామని బెదిరించి ఒప్పించారని 1974లో తీర్పులో రాశాడు.

దీన్ని ఆపడానికి నల్లజాతి, ప్యూర్టోరికన్, ఇతర మహిళా సంఘాలు ఒక నియమం అడిగాయి: సంతకం పెట్టాక 30 రోజులు ఆగాలి. పురిటి నొప్పుల మధ్య, మత్తులో, భయంలో సంతకం పెట్టించకుండా. చాలా చిన్న కోరిక. దీన్ని వ్యతిరేకించినవాళ్లలో పెద్ద మహిళా సంఘం నౌ (నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ విమెన్) కూడా ఉంది. వాళ్ల బాధ వాళ్లకి నిజమే. ఏళ్ల తరబడి 120 లెక్క చూపించి డాక్టర్లు తిప్పి పంపిన ఆడవాళ్లు వాళ్లు. ఇంకో 30 రోజులు ఆగమంటే ఇంకో అడ్డంకి అనిపించింది. వాళ్లకి గోడలా కనిపించిన ఆ 30 రోజులే ఇంకొకరికి ఇంటి చుట్టూ ఉండాల్సిన కంచె. ఉద్యమం అన్నప్పుడు ఎవరి అనుభవాన్ని "స్త్రీల అనుభవం" అని పిలుస్తున్నాం అన్నది అక్కడ తేలిపోతుంది. 1978లో ఫెడరల్ ప్రభుత్వం తన డబ్బుతో జరిగే ఆపరేషన్లకి 30 రోజుల నియమం పెట్టింది, కనీస వయసు 21 చేసింది.

జానీ టిల్మన్ గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో ఆరుగురు పిల్లల తల్లి, బట్టలుతికే లాండ్రీలో పని, ఆరోగ్యం పాడై ప్రభుత్వ సాయం మీద పడింది. ఆ రోజుల్లో సాయం తీసుకునే తల్లుల ఇళ్లకి అధికారులు అర్ధరాత్రి వచ్చి మంచాల కింద, అల్మారాల్లో మగవాళ్ల కోసం వెతికేవారు. మగాడి జాడ కనిపిస్తే పిల్లల తిండి బంద్. 1968లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అలబామాలో ఇది రాతపూర్వకమైన నియమం. 1963లో టిల్మన్ తోటి తల్లుల్ని కూడగట్టింది, తర్వాత జాతీయ సంక్షేమ హక్కుల సంస్థకి నాయకురాలైంది. పిల్లల్ని పెంచడం పనే, దానికి బతకడానికి సరిపడా ఆదాయం ఇవ్వండి అంది. ఉన్నవాళ్ల ఇల్లాలు ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటే మంచి తల్లి, పేద నల్లజాతి తల్లి అదే పని చేస్తే సోమరిపోతు. ఈ న్యాయం మనకీ కొత్త కాదు కదా.

1994 జూన్‌లో షికాగోలో 12 మంది నల్లజాతి స్త్రీలు ఒక హోటల్ గదిలో కూర్చుని, ఈ మూడు వందల ఏళ్ల అనుభవాన్ని ఒక పేరు కిందకి తెచ్చారు. తెలుగులో "పునరుత్పత్తి న్యాయం" అనాలి, పాఠ్యపుస్తకం మాటలా ఉంటుంది కానీ విషయం చాలా తేలిక. బిడ్డ వద్దనుకునే హక్కు, బిడ్డని కనే హక్కు, కన్న బిడ్డని భయం లేకుండా పెంచుకునే హక్కు. మూడూ కలిపి ఒకటే హక్కు. లోరెటా రాస్ ఆ 12 మందిలో ఒకరు. 2010లో మా అట్లాంటాలో నల్లజాతి పిల్లలు అంతరించిపోతున్న జాతి అని రోడ్ల పక్కన పెద్ద పెద్ద హోర్డింగులు వెలిశాయి, అబార్షన్ చేయించుకునే నల్లజాతి తల్లుల్ని దోషులుగా చూపిస్తూ. ఇక్కడి సిస్టర్‌సాంగ్ సంస్థ వాళ్లు వాటి మీద పోరాడారు. బిడ్డని బలవంతంగా కనేలా చేసిన చేతులే, బలవంతంగా కనకుండా చేసిన చేతులే, ఇప్పుడు హోర్డింగులు కూడా పెడుతున్నాయని వాళ్లకి బాగా తెలుసు.

మనవాళ్ల పాట్‌లక్ విందులో ఒకసారి, కాన్పుల్లో నల్లజాతి తల్లులు ఎక్కువగా చనిపోతున్న విషయం ఎత్తితే ఒకాయన అన్నారు: "వాళ్లు సరిగ్గా చెకప్‌లకి వెళ్లరండీ, చదువు తక్కువ, తిండి అలాంటిది." నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను, ఇల్లు కొనేటప్పుడు "ఏరియా బాగోదు" అన్న మాటకి అర్థం తెలిసీ తలూపాను. కానీ లెక్కలు వేరే చెబుతున్నాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 2023లో లక్ష కాన్పులకి చనిపోయిన నల్లజాతి తల్లులు 50.3, తెల్లజాతి తల్లులు 14.5. కాలేజీ డిగ్రీ ఉన్న నల్లజాతి తల్లులు, హైస్కూలు కూడా పూర్తి చేయని తెల్లజాతి తల్లుల కంటే ఎక్కువగా చనిపోతున్నారని అదే సంస్థ 2019లో చెప్పింది. చదువు కాపాడటం లేదు. డబ్బూ కాపాడదు. 2017లో సెరీనా విలియమ్స్ కాన్పయిన మర్నాడు ఊపిరి అందక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని తనే గుర్తుపట్టి స్కాన్ చేయమంటే, నర్సు మందుల ప్రభావంతో ఏదో అంటోందనుకుంది. సెరీనా పట్టుబట్టబట్టి బతికింది.

ఇంకొకటి చెబుతాను. 2016 రియో ఒలింపిక్స్‌లో 4x100 మీటర్ల రిలేలో బంగారు పతకం గెలిచిన అమెరికా అమ్మాయిలు నలుగురూ నల్లజాతివాళ్లే. ప్రపంచంలో అంత ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు ఇంకెవరికి ఉంటుంది? వాళ్లలో అలిసన్ ఫెలిక్స్‌కి 2018లో బీపీ పెరిగి 32 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. టియానా బార్టొలెటాకి కాన్పు ప్రాణాల మీదకి వచ్చింది. ఆఖరి లెగ్ పరుగెత్తి గీత దాటిన టోరీ బోయీ 2023లో ఎనిమిదో నెలలో ఇంట్లో ఒంటరిగా చనిపోయింది, కడుపులో ఆడబిడ్డతో. నలుగురిలో ముగ్గురు. గుర్రపువాతం కావచ్చని పోస్ట్‌మార్టం రిపోర్టులో రాశారు. ఆ మాట చదివినప్పుడు నా చేయి దానంతట అదే బీపీ పట్టీ చుట్టిన చోటికి వెళ్లింది.

పోయిన నెల వీడియో కాల్‌లో అమ్మని అడిగాను. "అమ్మా, నీ ఆపరేషన్ అప్పుడు చేయించుకుంటావా అని నిన్ను ఎవరైనా అడిగారా?"

"అడిగేదేముంది? మీ నాయనమ్మ చాలు అంది. నర్సమ్మ వచ్చి తీసుకెళ్లింది. స్కూల్లో క్యాంపు పెట్టారు. సాయంత్రానికి ఇంటికి తెచ్చేశారు."

కాసేపు ఊరుకుంది. పాప నా ఒళ్లోంచి ఫోన్ లాక్కోబోతోంది.

"ఇంకో ఆడపిల్ల ఉంటే బాగుండేదని ఉండేది నాకు" అంది. "నీకు తోడుగా ఉండేది కదా."

ఆ పిల్లకి పేరు కూడా అనుకుని పెట్టుకుందట. నలభై ఏళ్లలో ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.